మోదుగ పువ్వు మీద వాలిన ప్రతి పిట్టా పుప్పొడి మోస్తుందా?

మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చిందంటే పలాస దాటాక మందస, మెళియాపుట్టి వైపు కొండవారల్లో మోదుగ చెట్లు ఆకంతా రాల్చేసి ఎర్రగా పూస్తాయి. విజయనగరం వైపు తాటిపూడి చుట్టుపక్కల మెరకల్లోనూ అంతే. పూసిన చెట్టు కింద పావుగంట నిలబడితే చాలు, గోరింకలు, కాకులు, పికిలిపిట్టలు, ఏట్రింతలు, చిలకలు, తేనెపిట్టలు, వాటి మధ్య ఒకటో రెండో ఉడుతలు కనబడతాయి. చెట్టంతా ఒకటే గోల.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫోన్లలో ఒక రకం సందేశాలు తిరుగుతుంటాయి. పక్షులు లేకపోతే పువ్వు కాయ కాదనీ, పక్షులు పోతే పంటలన్నీ పోతాయనీ వాటి సారాంశం. బడి పుస్తకాల్లో చూస్తేనేమో పరాగసంపర్కం అనగానే తేనెటీగ, సీతాకోకచిలుక, గాలి. పక్షికి దక్కేది మహా అయితే ఒక వాక్యం. ఒకచోట పక్షే సర్వస్వం, ఇంకోచోట పక్షి లెక్కలోనే లేదు. అసలు సంగతి తెలియాలంటే చెట్టు మీదికి ఎవరు వచ్చారన్నది కాకుండా, వచ్చినవాళ్ల ఒంట్లో ఏ భాగం పువ్వులో ఏ భాగానికి తగిలిందో చూడాలి. చిక్కంతా అక్కడే ఉంది.

పుప్పొడి ఎక్కడి నుంచి ఎక్కడికి చేరాలి

పువ్వులో కేసరాలుంటాయి. వాటి చివర ఉండే పరాగకోశాలు పగిలితే పుప్పొడి బయటపడుతుంది. మధ్యలో నిలబడే కాడ కీలం, దాని కొస కీలాగ్రం, అడుగున అండాశయం. పుప్పొడి కీలాగ్రం మీద పడడమే పరాగసంపర్కం. అంతటితో గింజ వచ్చేసినట్టు కాదు. పుప్పొడి రేణువు అక్కడ మొలకెత్తి, సన్నటి గొట్టంలా కీలం లోపలి నుంచి అండాశయం దాకా దిగాలి. అప్పుడు జరిగేది ఫలదీకరణ. ఈ రెంటినీ ఒకటిగా చెప్పేయడం వల్ల చాలా గందరగోళం పుడుతుంది. పుప్పొడి చేరిన పువ్వులు కూడా రాలిపోవచ్చు.

ఇంకో మెలిక ఉంది. పుప్పొడి అదే పువ్వులోంచి వచ్చినా, అదే చెట్టు మీది వేరే కొమ్మ పువ్వులోంచి వచ్చినా జన్యువుల లెక్కలో రెండూ ఒకటే, సొంత పుప్పొడే. వేరే చెట్టు నుంచి వస్తేనే అసలైన పరపరాగ సంపర్కం. కొన్ని జాతులు సొంత పుప్పొడితో సర్దుకుంటాయి, కొన్ని దాన్ని బొత్తిగా ఒప్పుకోవు. అందుకే ఒక పిట్ట పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే చెట్టు మీద రెండు వందల పూలు తిరిగినా, ఆ చెట్టుకు ఒరిగింది ఏమీ లేకపోవచ్చు.

తేలినీలాపురం కొంగలు వేరు, తేనెపిట్టలు వేరు

శ్రీకాకుళం జిల్లాలో పక్షులు అనగానే జనానికి గుర్తొచ్చేది టెక్కలి దగ్గరి తేలినీలాపురం, ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి. మొదటి ఊళ్లో గూడబాతులు, రంగు కొంగలు చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. రెండో ఊరికి ఓపెన్‌బిల్ కొంగలు వస్తాయి. ఊరి జనం వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు, మంచి మాటే. కానీ పరాగసంపర్కంతో వాటికి ఏ సంబంధమూ లేదు. గూడబాతు చేపలు తింటుంది, ఓపెన్‌బిల్ నత్తలు తింటుంది. పువ్వుతో పనిబడేది తేనె తాగే చిన్న పిట్టలకు.

ప్రపంచం మొత్తం మీద పూల దగ్గర ఈ పని చేసే పక్షి జాతులు దాదాపు 900 ఉంటాయని అంచనా. అమెరికా ఖండాల్లో హమ్మింగ్‌బర్డ్‌లు, ఆస్ట్రేలియా వైపు హనీఈటర్లు, ఆఫ్రికా నుంచి ఆసియా దాకా తేనెపిట్టలు. టీవీలో హమ్మింగ్‌బర్డ్‌ను చూసి మన పెరట్లో కూడా అదే తిరుగుతోందని అనుకునేవాళ్లు చాలామంది. మన దేశంలో హమ్మింగ్‌బర్డ్ లేదు. మనకున్న తేనెపిట్టకు దానితో చుట్టరికమూ లేదు. ఒకే రకం తిండి కోసం రెండు వేర్వేరు వంశాలు విడివిడిగా సన్నటి వంపు ముక్కు, పొడుగు నాలుక తెచ్చుకున్నాయి. హమ్మింగ్‌బర్డ్ గాలిలో నిలిచే తాగుతుంది. తేనెపిట్ట కాసేపు రెక్కలాడిస్తూ నిలవగలదు గాని, దానికి కాలు మోపే చోటు ఉంటేనే ఇష్టం. మనవైపు పక్షి పూలు చాలావాటికి బలమైన కాడలు, పక్కనే కూర్చోడానికి వీలైన కొమ్మలు ఉండడానికి కారణం ఇదే.

శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో రోజూ కనిపించేవి ముఖ్యంగా రెండు. ఒకటి ఊదారంగు తేనెపిట్ట. గూడు కట్టే కాలంలో మగది ఎండలో నీలంగా, ఊదాగా మెరుస్తుంది. ఆ కాలం దాటాక ఆ మెరుపు రాలిపోయి ఆడపిట్టలాగే మారుతుంది, గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్లటి చార మాత్రం మిగులుతుంది. రెండోది పసుపు పొట్ట ఉండేది, మగదానికి నడుము దగ్గర ఊదా మెరుపు. రెండూ పది సెంటీమీటర్ల పిట్టలే. రెండూ తేనెతోనే బతకవు. పిల్లలకు సాలీళ్లు, చిన్న పురుగులు తెచ్చి పెడతాయి. తేనెలో చక్కెర ఉంటుంది గాని పిల్ల ఎదగడానికి కావలసినంత మాంసకృత్తులు ఉండవు.

ఇదంతా కొత్తగా వచ్చిన ఏర్పాటు కాదు. జర్మనీలోని మెస్సెల్ గనుల్లో దొరికిన 4.7 కోట్ల సంవత్సరాల నాటి పక్షి శిలాజం కడుపులో పుప్పొడి రేణువులు కనిపించాయని 2014లో ప్రకటించారు.

ఎరుపు, వాసన లేకపోవడం, పల్చటి తేనె

పక్షి కోసం తయారైన పువ్వుకు కొన్ని గుర్తులు చెబుతారు. ఎర్రగానో నారింజగానో ఉంటుంది. పగటిపూట తెరుచుకుని ఉంటుంది. వాసన దాదాపు ఉండదు. తేనె ఎక్కువ, కానీ పల్చన. రేకులు దళసరి, అండాశయం ముక్కుపోటుకు అందకుండా లోపల భద్రంగా ఉంటుంది.

ఎరుపు ఎందుకు? పక్షికి ఎరుపంటే ప్రాణం అని చాలామంది అనుకుంటారు. పక్షి కంటికి ఎరుపు బాగా కనిపిస్తుంది, నిజమే. కానీ దానికి నీలం, పసుపు, మన కంటికి అందని అతినీలలోహిత రంగు కూడా బాగానే కనిపిస్తాయి. అసలు తేడా తేనెటీగ కంట్లో ఉంది. దాని చూపు అతినీలలోహితం, నీలం, ఆకుపచ్చల చుట్టూ తిరుగుతుంది. నిఖార్సైన ఎరుపు దానికి ఆకుల మధ్య అంత తేలిగ్గా పట్టుబడదు. అంటే ఎర్ర పువ్వు పక్షిని పిలవడం కంటే తేనెటీగను దూరం పెట్టడానికి ఎక్కువ పనికొస్తుందని ఒక వాదన. పూర్తిగా దూరం పెట్టలేదు, మోదుగ పూల మీద తేనెటీగలు తిరగడం మనం చూస్తూనే ఉంటాం. ఎరుపును గుర్తించడం వాటికి కాస్త కష్టం, అంతవరకే.

తేనె సంగతి ఇంకా ఆసక్తికరం. తేనెపిట్టలు, హమ్మింగ్‌బర్డ్‌లు తాగే పూల తేనెలో చక్కెర సుమారు నూటికి 20–25 పాళ్లు ఉంటుంది. గోరింకలు, పికిలిపిట్టలలాంటి కలగూర తిండి పక్షులు వచ్చే పూలలో తేనె ఇంకా పల్చన, 10 పాళ్ల చుట్టుపక్కల, కానీ ఎంతో ఎక్కువగా ఊరుతుంది. చక్కెర రకం కూడా మారుతుంది. గోరింకల కుటుంబంలో పరీక్షించిన పక్షుల్లో సుక్రోజును, అంటే మన చెరుకు చక్కెరను, విడగొట్టే ఎంజైము కనిపించలేదు. అవి గ్లూకోజు, ఫ్రక్టోజు మాత్రమే అరాయించుకోగలవు. వాటి మీద ఆధారపడే పూల తేనెలో ఎక్కువగా ఉండేవి ఆ రెండే. పువ్వు లోపలి రసాయనం కూడా ఎవరు తాగాలో తేలుస్తుందన్నమాట.

మోదుగ పువ్వును విప్పి చూస్తే

మోదుగ మొగ్గ అడుగున నలుపు తిరిగిన ముదురు గోధుమరంగు తొడిమె గిన్నె ఉంటుంది. ముట్టుకుంటే మెత్తటి నూగు తగులుతుంది. అందులోంచి నారింజ ఎరుపు రేకులు చిలక ముక్కులా వంపు తిరిగి వస్తాయి. చిక్కుడు పువ్వు విప్పినవాళ్లకు ఇది తెలిసిన కట్టడమే, కుటుంబం ఒకటే. వెనక ఒక పెద్ద రేకు, పక్కల రెండు, ముందు రెండు కలిసి దోనెలా ముడుచుకుని ఉంటాయి. ఆ దోనెలోనే పది కేసరాలు. తొమ్మిది కలిసిపోయి, ఒకటి విడిగా. వాటి మధ్య నుంచి వంగిన కీలం. తేనె ఇంకా అడుగున, కేసరాల మొదట్లో.

పిట్ట కాడ మీద కూర్చుని ముక్కు లోపలికి దూర్చినప్పుడు దోనె ఒత్తిడికి కిందికి వంగుతుంది. లోపలి కేసరాల కొసలు, కీలాగ్రం బయటికి వచ్చి పిట్ట ఈకలకు తగులుతాయి. పిట్ట ఎగిరిపోగానే దోనె దాదాపు యథాస్థానానికి వస్తుంది. వచ్చే పిట్ట పొడుగు, అది కూర్చునే వైపు, ముక్కు వంపు, ఈ మూడూ కుదిరితేనే ఈ తగులుడు జరుగుతుంది. పక్క నుంచి ముక్కు దూర్చినా, రేకు చింపినా తేనె దొరుకుతుంది, పుప్పొడి మాత్రం అంటదు.

ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన రాజేశ్ టాండన్, కె.ఆర్. శివన్న, హెచ్.వై. మోహన్‌రామ్ మోదుగ మీద చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. మోదుగ పూలకు ఏడు జాతుల పక్షులు వచ్చాయి. నిజంగా పరాగసంపర్కం జరిపించినది ఒక్కటే, ఊదారంగు తేనెపిట్ట. మిగతా పక్షులు తాగి పోయినవే. విచిత్రమేమిటంటే ఉడుత కూడా కొంతవరకు ఈ పని చేసింది. సొంత పుప్పొడితో కూడా కాయలు కట్టాయి గాని, వేరే చెట్టు పుప్పొడి పడినప్పుడు కాపు స్పష్టంగా ఎక్కువగా ఉంది. మోదుగ కాయలో ఉండేది ఒకే గింజ, అదీ కొసన. కాబట్టి ఒక పువ్వు ఎంత బాగా పండినా చెట్టుకు దక్కేది ఒక్క గింజే.

బూరుగ చెట్టుకు రెండు షిఫ్టులు

అదే కాలంలో పూసే బూరుగ లెక్క ఇంకోలా ఉంటుంది. దాని పువ్వు పెద్దది, దళసరి ఎర్ర రేకులు, మధ్యలో విచ్చుకున్న బోలెడు కేసరాలు. తలుపులూ గొళ్లాలూ లేవు, తల ముంచిన ప్రతివాడి మొహానికీ పుప్పొడి అంటుతుంది. అందుకే మోదుగ దగ్గర పనికిరాని గోరింక, కాకి బూరుగ దగ్గర పనికొస్తాయి.

తూర్పు కనుమల్లో బూరుగ మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎ.జె. సాలొమన్ రాజు, ఆయన సహచరులు చేసిన పని 2005లో అచ్చయింది. రాత్రి గబ్బిలాలు, పగలు పక్షులు, రెండూ దీనికి పరాగసంపర్కం చేస్తాయని అందులో తేలింది. అంతకంటే ముఖ్యమైన విషయం, బూరుగ సొంత పుప్పొడితో కాయదు. వేరే చెట్టు పుప్పొడి తప్పనిసరి. ఊళ్లో ఉన్న నాలుగు బూరుగల్లో మూడు కొట్టేస్తే మిగిలినది ప్రతి ఏడూ నిండా పూస్తుంది, పిట్టలూ వాలతాయి, దూది కాయలు మాత్రం ఉండవు, ఉన్నా వేళ్ల మీద లెక్కే. చూసేవాళ్లకు పిట్టలు పని చేయడం లేదనిపిస్తుంది. పిట్టల తప్పేమీ లేదు, పుప్పొడి తేవడానికి దగ్గర్లో రెండో చెట్టు లేదు.

కొండల మీద గెడ్డల వారన పెరిగే నులితడ మరో రకం. కాయ తాడు పేనినట్టు మెలిపడి ఉంటుంది కాబట్టి ఒకసారి చూస్తే మరచిపోరు. పువ్వులోంచి ఒక సన్నటి పొడుగాటి కాడ పైకి వంగి లేస్తుంది, దాని కొసన కేసరాలు, కీలాగ్రం ఉంటాయి. అడుగున తేనె కోసం వంగిన పిట్ట నెత్తికి అవి తగులుతాయి. పువ్వు మొదట ఎర్రగా ఉండి, వయసు మళ్లేకొద్దీ బూడిద నీలంగా మారుతుంది.

తేనె దొంగలు

పెరట్లో మందార దగ్గర తేనెపిట్టను గమనించండి. చాలాసార్లు అది పువ్వు ముఖం వైపు పోనే పోదు. పక్కన కొమ్మ మీద కూర్చుని, రేకుల మొదట్లో సందు చూసి ముక్కు దూర్చి తేనె లాగేస్తుంది. మందారలో కేసరాలు, కీలాగ్రాలు పొడుగాటి కాడ చివర ఎక్కడో బయట వేలాడుతుంటాయి. పిట్ట వాటి దరిదాపులకే రాలేదు. శాస్త్రవేత్తలు దీన్ని తేనె దొంగతనం అంటారు. పొడుగాటి గొట్టం పూలకైతే మొదట్లో ఏకంగా చిల్లు పెడతాయి, ఆ చిల్లులోంచి తర్వాత చీమలు, చిన్న తేనెటీగలు కూడా తాగిపోతాయి. నల్ల తుమ్మెదలూ ఇదే బాపతు.

మన పెరటి మందారకు గింజ పట్టకపోవడానికి కారణం ఈ దొంగతనం ఒక్కటే కాదు. తోటలవాళ్లు తరతరాలుగా సంకరం చేసిన రకాలు అవి, చాలావాటికి గింజ కట్టే శక్తే తక్కువ. అందుకే కొమ్మ గుచ్చి పెంచుతాం. పిట్ట వచ్చింది, పువ్వు ఎర్రగా ఉంది, తేనె ఉంది, అయినా పరాగసంపర్కం లేదు. పుస్తకంలో పక్షి పువ్వుకు బొమ్మగా మందారనే వేసేవాళ్లకు ఇది కాస్త ఇబ్బంది కలిగించే సంగతి.

దొంగతనం వల్ల మొక్కకు ఎప్పుడూ నష్టమేనా అన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు. తేనె ఖాళీ అయిన పూలు ఎక్కువైతే అసలు పని చేసే పిట్ట ఒకే చెట్టును పట్టుకు వేలాడకుండా దూరంగా ఉన్న ఇంకో చెట్టుకు పోతుంది, దాంతో పరపరాగ సంపర్కం పెరుగుతుంది అని కొందరి వాదన. తేనె లేని చెట్టును పిట్ట మొత్తానికే వదిలేస్తుంది, గింజలు తగ్గుతాయి అని ఇంకొందరు. రెండు రకాల ఫలితాలూ వేర్వేరు మొక్కల్లో కనిపించాయి.

పిట్ట పని చేసిందని ఎలా తేలుస్తారు: ఒక లెక్క

కళ్లతో చూసి చెప్పలేం కాబట్టి పువ్వులకు సంచులు కడతారు. ఒక మోదుగ చెట్టు మీద నాలుగు వందల పూలు తీసుకున్నామనుకుందాం. కింది అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి ఊహించుకున్నవి.

మొదటి వంద పూలకు సన్నటి గుడ్డ సంచి, లోపలికి ఏదీ పోదు. రెండో వందకు చిన్న కంతల వల, తేనెటీగ దూరుతుంది, పిట్ట దూరదు. మూడో వందను అలాగే వదిలేస్తారు. నాలుగో వందకు వేరే చెట్టు పుప్పొడిని బ్రష్‌తో చేత్తో రాస్తారు. కాయలు కట్టాక లెక్కిస్తే వరసగా 2, 4, 10, 30 వచ్చాయనుకోండి.

సంచిలో కట్టిన 2 కాయలు ఎవరి సాయమూ లేకుండా వచ్చినవి. వలలో ఉన్న 4లోంచి ఆ 2 తీసేస్తే, తేనెటీగల వంతు 2. వదిలేసిన పూలలో 10 కాయలున్నాయి, అందులోంచి 4 తీసేస్తే మిగిలే 6 పిట్టల వంతు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ వల ఉడుతను కూడా ఆపింది కదా! ఆ 6లో ఉడుత వాటా ఎంతో ఈ లెక్క చెప్పదు. దానికి చెట్టు దగ్గర కూర్చుని చూడాల్సిందే. ఇక చేత్తో రాసినప్పుడు 30 కట్టాయంటే చెట్టుకు ఇంకా కాసే శక్తి ఉంది, తగినంత పుప్పొడి చేరలేదు అని అర్థం. ఇక్కడా ఒక జాగ్రత్త ఉంది. కొమ్మకు కొన్ని పూలకే పుప్పొడి రాస్తే చెట్టు తన బలమంతా వాటికే మళ్లించి ఉండవచ్చు, పూలన్నిటికీ రాస్తే అదే 30 రాకపోవచ్చు.

రెండో లెక్క పిట్టకూ పిట్టకూ మధ్య. పికిలిపిట్ట గంటలో 50 పూలు చూసింది, అందులో కీలాగ్రానికి తగిలింది 5సార్లు. తేనెపిట్ట 20 పూలే చూసింది, 12సార్లు తగిలింది. రాకపోకలు లెక్కపెడితే పికిలిపిట్ట గెలుస్తుంది, తగలడం లెక్కపెడితే తేనెపిట్ట. ఆ 12లో తొమ్మిది అదే చెట్టు పుప్పొడితో అయితే, అసలు విలువైనవి మూడే. తేనెపిట్టలు మంచి పూత ఉన్న చెట్టును తమ సొంతం చేసుకుని మిగతా పిట్టలను తరిమేస్తాయి. కాపలా కాసే పిట్ట అదే చెట్టు మీద తిరుగుతుంది, అదే పుప్పొడిని అటూఇటూ పూస్తుంది. చెట్టుకు కావలసింది ఆ కాపలా పిట్ట తరిమితే పక్క చెట్టుకు పారిపోయే పిట్ట కూడా కావచ్చు. తరిమివేతలు ఎంత మేలు చేస్తాయో కొలవడం తేలిక కాదు.

ఎర్రగా ఉంటే పక్షి పువ్వేనా: శాస్త్రవేత్తల తగువు

పువ్వు రూపు చూసి దాని దగ్గరికి ఎవరు వస్తారో చెప్పవచ్చన్న ఆలోచన పాతది. పందొమ్మిదో శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త ఫెదెరికో దెల్పీనో దీనికి ఒక రూపం ఇచ్చాడు, ఇరవయ్యో శతాబ్దంలో మరికొందరు దాన్ని గట్టిపరిచారు. మన దేశంలో ఈ విషయం మీద తొలినాళ్లలోనే శ్రద్ధగా రాసినవాడు సాలిం అలీ. ఏ పక్షులు ఏ పూల దగ్గరికి పోతాయో 1932లో ఆయన పెద్ద వ్యాసమే రాశారు.

పువ్వు రూపు చూసి చెప్పవచ్చన్న ఆ ఆలోచనను 1996లో నికొలస్ వేజర్, మరికొందరు శాస్త్రవేత్తలు గట్టిగా ప్రశ్నించారు. చాలా పూలకు రకరకాల జీవులు వస్తాయి, ఒక పువ్వుకు ఒకే జీవి అన్న బొమ్మ నిజానికి దూరం అన్నారు. 2009లో జెఫ్ ఓలర్టన్ బృందం వేర్వేరు దేశాల పూలతో పరీక్షించి, రూపు చూసి చెప్పే జోస్యం ఎక్కువసార్లు తప్పుతోందని చూపింది. 2014లో రోసాస్-గెర్రెరో బృందం పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, అనేకమంది అతిథులున్నా ఎక్కువ పని చేసే జీవిని మాత్రం పువ్వు రూపు బాగానే చెబుతోందని తేల్చింది. ఒకరు వచ్చినవాళ్లందరినీ లెక్కపెట్టారు, ఇంకొకరు పని చేసినవాళ్లను. మోదుగ రెండు వైపులా సాక్ష్యమే, ఏడు పక్షులొచ్చినా పనికొచ్చింది ఒక్కటే.

ఎరుపు మీద మాత్రమే నమ్మకం పెట్టుకుంటే దెబ్బతినడం ఖాయం. దానిమ్మ పువ్వు ఎర్రగా దళసరిగా ఉంటుంది, దాని పని ఎక్కువగా చేసేవి తేనెటీగలు, పెంకు పురుగులు. మరో పక్క రోడ్ల పక్కన, పొలం గట్ల మీద వేసిన నీలగిరి చెట్ల పూలు తెల్లగా ఉంటాయి, అవి పుట్టిన ఆస్ట్రేలియాలో వాటికి పక్షులు బాగా వస్తాయి.

జీడి, కొబ్బరి, మామిడి: పంటలకు పక్షి అవసరం ఎంత

ఇక ఫోన్ సందేశాల సంగతి. ఉద్దానం పంటలను ఒక్కొక్కటే తీసుకుంటే, జీడిపూతకు పని చేసేవి తేనెటీగలు, ఈగలు, చీమలు. కొబ్బరిలో పొడుగు రకాలకు గెలలో మగపూలు ముందు విచ్చుకుని రాలిపోతాయి, ఆడపూలు తర్వాత సిద్ధమవుతాయి. వాటికి గాలి, తేనెటీగలు ఇంకో చెట్టు పుప్పొడి తెచ్చి పెడతాయి. మామిడికి ముఖ్యం ఈగలు. వరి దాదాపుగా తన పుప్పొడితోనే సరిపెట్టుకుంటుంది. మునగకు తేనెపిట్టలు బాగానే వస్తాయి, కానీ ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి 1990లో వచ్చిన అధ్యయనం ప్రకారం ప్రధానమైన పనివాళ్లు నల్ల తుమ్మెదలు. అరటి పువ్వు దొప్పల మధ్య తేనెపిట్ట దూరడం ప్రతి పెరట్లో కనిపించే దృశ్యమే. మనం తినే అరటి పరాగసంపర్కం లేకుండానే కాయ కడుతుంది, అందుకే గింజ ఉండదు. అడవి అరటి జాతుల్లో మాత్రం పక్షులు, గబ్బిలాలు లేనిదే గింజ లేదు.

అందువల్ల పక్షులు పోతే మన పంటలన్నీ పోతాయి అన్నది తప్పు. పురుగులను తినడం ద్వారా పక్షులు పంటకు చేసే మేలు వేరే లెక్క, దాన్ని దీంతో కలపకూడదు. కానీ పంటల జాబితా చూసి పక్షి పరాగసంపర్కానికి విలువే లేదనడం కూడా అంతే తప్పు. ఒక ప్రాంతపు పూల మొక్కల్లో పక్షుల మీద ఆధారపడేవి సగటున నూటికి 5 ఉండవచ్చని అంచనా. తక్కువే. మనవైపు ఆ కొద్దిలో మోదుగ, బూరుగ ఉన్నాయి, ఎండాకాలం ముందు మిగతా చెట్లు బోసిపోయినప్పుడు కొండల్లో తిండి దొరికే చెట్లు అవే.

పక్షులు నిజంగా పోతే ఏమవుతుందో చూపిన ఉదాహరణ న్యూజిలాండ్‌ది. అక్కడి ఉత్తర దీవి పై భాగంలో తేనె తాగే మూడు ముఖ్యమైన పక్షుల్లో రెండు దాదాపు కనుమరుగయ్యాయి, దగ్గర్లోని చిన్న దీవుల్లో మిగిలాయి. రాబ్డోథామ్నస్ అనే ఒక పొదను రెండు చోట్లా పోల్చి 2011లో ప్రచురించారు. ఆ రెండు పక్షులు లేని చోట పువ్వుకు కట్టే గింజలు 84 శాతం, లేత మొక్కలు 55 శాతం తక్కువగా ఉన్నాయి. పెద్ద పొదలు మాత్రం మామూలుగానే పూస్తున్నాయి. బయటినుంచి చూసేవాడికి ఏ లోటూ కనిపించదు.

మామిడి కొమ్మ మీద బదనిక

పక్షి పరాగసంపర్కం రైతుకు చిరాకు తెప్పించే చోటు ఒకటుంది. మామిడి తోటల్లో, చింతచెట్ల మీద బదనిక పడుతుంది. ఆకు దళసరిగా, వేరేగా కనిపిస్తుంది, కొమ్మలో వేరు దించి నీళ్లు లాగుతుంది. దాని పూలు సన్నటి పొడుగాటి గొట్టాలు, ఎరుపు నారింజ కలిసిన రంగు. తేనెపిట్టలు వాటికి బాగా మరిగినవి. మరో పిట్ట ఫ్లవర్‌పెకర్, ఎనిమిది సెంటీమీటర్లు ఉంటుందేమో, అది పూల తేనె తాగుతుంది, తర్వాత కట్టే పండ్లు కూడా మింగుతుంది. గింజ చుట్టూ జిగురు ఉంటుంది. పిట్ట దాన్ని వదిలించుకోడానికి తోకభాగాన్ని కొమ్మకేసి రాస్తుంది, గింజ అక్కడే అంటుకుని మొలుస్తుంది. కొంకణంలో ఈ పిట్టలు బదనికను ఎలా వ్యాపింపజేస్తున్నాయో సాలిం అలీ 1931లోనే వివరించారు.

బదనికను తోటమాలి తెగులు అంటాడు. అడవిని చదివేవాళ్లు పిట్టలకు, సీతాకోకచిలుకల పురుగులకు తిండి అంటారు. పట్టిన కొమ్మ ఎండిపోతుందన్నది నిజం, కొండలో అదే బదనిక పూత ఎన్నో పిట్టలను నిలబెడుతుందన్నదీ నిజం. కొమ్మను బదనిక దగ్గర కాకుండా ఇంకా వెనక్కి కోస్తే గాని దాని వేరు పోదని తోటలవాళ్లకు తెలుసు. కోసిన ఏడాది కాకపోయినా పై ఏడాది మళ్లీ వేరే కొమ్మ మీద కనిపిస్తుంది, ఫ్లవర్‌పెకర్ పక్క తోటలో పండు తిని ఇటే వస్తుంది కాబట్టి. మామిడి పూతకు ఈగలు చాలు, పక్షితో దానికి పనిలేదు. ఆ తోట మొత్తంలో పువ్వుకూ గింజకూ పక్షి మీదే ఆధారపడ్డది రైతు కత్తి పట్టుకుని వెతికే ఆ బదనికే.